రద్దు బటన్ కాదు, ఆర్డర్ల పేజీ చూడండి

మీరు కొనని 48,999 రూపాయల ఫోను రద్దు చేసుకోమంటూ అమెజాన్ పేరుతో మెయిల్ వచ్చిందనీ, లింకు నొక్కి పాస్‌వర్డ్ కూడా ఇచ్చాననీ రాశారు. కంగారు పడకండి, కానీ ఆలస్యమూ చేయకండి. యాప్ తెరిచి ముందు పాస్‌వర్డ్ మార్చండి. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కూ వాడుతుంటే అక్కడ కూడా మార్చాలి. మెయిల్ చేజారితే మిగతావన్నీ చేజారినట్లే. పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు వచ్చే కోడ్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. కార్డు వివరాలు కూడా ఇచ్చి ఉంటే, కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేసి దాన్ని బ్లాక్ చేయించండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి చెప్పండి.

ఆ మెయిల్ నకిలీదని ఎలా తెలుస్తుందంటారా? పంపినవారి పేరును నమ్మకండి, అది ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. లింకులో ‘https://’ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) సరిగ్గా ముందున్న ముక్క చూడండి. ‘అమెజాన్ డాట్ ఇన్ డాట్ ఆర్డర్‌హెల్ప్ డాట్ కామ్’ అని ఉంటే అది ఆర్డర్‌హెల్ప్ వాళ్ల ఇల్లు. అమెజాన్ వట్టి తోరణం. యాప్‌లో ‘మీ ఆర్డర్లు’ తెరిస్తే ఆ ఫోను కనిపించదు.

నిజంగా పార్సిల్ కోసం ఎదురుచూస్తున్న రోజున నేనూ ఇలాంటి లింకు దాదాపు నొక్కేశాను. ఇక ఎవరైనా ఫోన్ చేసి రీఫండ్ ఇస్తామంటూ యూపీఐ పిన్ అడిగితే మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.