ముందు ఇంటిని చూపించు

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథ శ్రద్ధగా చదివాను. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో కాపురముంటున్న దంపతుల ఇంటికి హైదరాబాదు నుంచి భర్త చిన్ననాటి స్నేహితుడు భార్యాపిల్లలతో రావడం మంచి కథావస్తువు. నీ భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. అయితే కథలో ముప్పాతిక భాగం లాక్ లోమండ్ సరస్సుకూ గ్లెన్‌ఫినన్ రైలు వంతెనకూ ఎడిన్‌బరో కోటకూ పోయింది. ఆ వంతెనకు 21 కమానులు ఉన్నాయన్నది నిజమే కానీ, ఆ సంగతి చెప్పడానికి పాఠకుడికి నువ్వే అక్కర్లేదు. మధ్యలో ఒకచోట “పెద్దవాడు తన గది అతిథులకు ఇచ్చి హాల్లో సోఫా మీద పడుకున్నాడు” అని ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. నీ కథ ఆ సోఫా మీద ఉంది.

ఒకసారి ఆలోచించు. మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారానికి అయిపోతాయి. స్కాట్లాండ్‌లో బడులు మూసేది జూన్ నెలాఖరుకు. మనవాళ్లు సెలవుల్లో విమానం దిగే వేళకు అక్కడి పిల్లలకు ఇంకా బడి నడుస్తూనే ఉంటుంది. పైగా మే చివరికల్లా గ్లాస్గోలో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు పోదు. వచ్చిన పిల్లలకు నిద్ర పట్టదు. పెద్దవాళ్ల కబుర్లు తెగవు, అవి సాగేదేమో హాల్లో. పొద్దున్నే లేచి బడికి వెళ్లవలసిన పిల్లవాడు పడుకోవలసింది కూడా ఆ హాల్లోనే. వాడు నోరు విప్పి అడగడు. తల్లి గమనిస్తూనే ఉంటుంది. అతిథులను లేవమనలేదు, కొడుకును ఓర్చుకోమని రోజూ చెప్పలేదు. భర్త ఇవేవీ చూడడు, ఎందుకంటే ఎన్నో ఏళ్ల తరువాత అతను కడుపునిండా నవ్వుతున్నాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. నువ్వు రాయవలసింది సరిగ్గా ఇదే.

ఇక వంటిల్లు. నీ దంపతులు గ్లాస్గోలో ఎర్ర ఇసుకరాతి పాత భవనంలో ఉంటున్నారని రాశావు గానీ లోపలికి తీసుకెళ్లలేదు. అలాంటి ఇళ్లలో చాలావాటికి వంటింటి పైకప్పు నుంచి తాళ్లతో దించి ఎత్తే బట్టల దండెం ఉంటుంది. అక్కడివాళ్లు పుల్లీ అంటారు. వానలకు బట్టలు బయట ఆరవు కనుక ఇంటిల్లిపాది బట్టలూ పొయ్యికి పైన వేలాడుతుంటాయి. ఇప్పుడు రెండు కుటుంబాల బట్టలు. కింద ఇంగువ, ఎండుమిరపకాయల తాలింపు. మరునాడు ఆ పిల్లవాడు వేసుకునే బడి చొక్కాకు ఆ వాసన పడుతుంది. వాడు దాన్ని తొడుక్కునే ముందు ఒక క్షణం ఆగుతాడో లేదో నువ్వు తేల్చుకోవాలి.

తాలింపు అన్నాను కాబట్టి ఇంకో సంగతి. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంట్లోనూ వేడిని, పొగను పసిగట్టే అలారాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలన్న నిబంధన వచ్చింది. వంటింట్లో వేడిని పట్టేది, హాల్లోనూ నడవలోనూ పొగను పట్టేవి. ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. స్నేహితుడి భార్య “ఇవాళ వంట నాది వదినా” అంటూ పప్పుకు పోపు పెట్టింది. వంటింటి తలుపు తెరిచి ఉంది. పొగ నడవలోకి పాకింది, ఇల్లంతా హోరెత్తింది. ఇక్కడ నవ్వించాలని చూడకు. ఆమె ముఖం చూడు. చేతిలో గరిటె అలాగే ఉంది, పరాయి ఇంట్లో ఏదో అపచారం చేశానన్న భయంతో బిగుసుకుపోయింది. నీ కథానాయిక ముందుగా అలారం వైపు పరుగెత్తిందా, ఆమె వైపు వెళ్లిందా? ఆ ఒక్క నిమిషం చాలు, ఇద్దరి మధ్య రాబోయే రోజులు ఎలా ఉంటాయో తెలిసిపోతుంది. మరునాడు ఆమె వంటింటి గడప దగ్గరే నిలబడి “ఏమైనా సాయం చేయనా” అని అడిగితే, అంతకు మించి వివరించనక్కర్లేదు.

ఊళ్లన్నిటినీ కొట్టేయమని చెప్పడం లేదు. గ్లెన్‌కో లోయను ఉంచు. నువ్వు అక్కడ కొండల అందం రాసి, ఫొటోలు దిగారని రాసి కారెక్కించేశావు. 1692 ఫిబ్రవరిలో ఆ లోయలోని మెక్‌డొనాల్డ్ కుటుంబాలు ప్రభుత్వ సైనికులకు దాదాపు రెండు వారాలు తమ ఇళ్లలో చోటిచ్చాయి, అన్నం పెట్టాయి. ఒక తెల్లవారుజామున, మంచులో, ఆ సైనికులే లేచి తమకు ఆతిథ్యమిచ్చినవారిని చంపారు. ముప్పై మందికి పైగా పోయారు. చంపడం కన్నా ఇంట్లో ఉండి చంపడాన్ని స్కాట్లాండ్ ఇప్పటికీ మరువలేదు. అతిథుల గురించి కథ రాస్తూ ఆ లోయలో నిలబడి ఈ మాట ఎత్తకపోవడం నాకు బాధ కలిగించింది. భర్త చెప్పనీ, స్నేహితుడు విననీ. వాళ్ల ఇంటి పరిస్థితికి దాన్ని పోలికగా మాత్రం లాగకు. ఆ కథ దాని బరువుతో అది ఉంటుంది.

వచ్చిన స్నేహితుడిని చలికి గొణిగేవాడిగా, ధరలన్నీ రూపాయల్లోకి మార్చి గుండె బాదుకునేవాడిగా చిత్రించావు. అలాంటి మనిషిని మనం చాలా కథల్లో చూశాం. అతను ఈ ప్రయాణానికి ఎంత కూడబెట్టి ఉంటాడు! పెట్టెలో తన బట్టలు తగ్గించుకుని ఆవకాయ తెచ్చాడు. పాల పదార్థాలు ఆ దేశంలోకి రానివ్వరని తెలిసి, నీ కథానాయకుడికి ఇష్టమైన పాలకోవా ఇంట్లోనే వదిలి వచ్చాడు. ఆ వదిలి రావడం గురించి ఒక మాట అనిపించు.

అన్నిటికన్నా ముఖ్యం, అతను గుమ్మంలో అడుగు పెడుతూనే “ఒరేయ్” అంటాడు. ఆ పిల్లలు తమ తండ్రిని అలా పిలిచిన మనిషిని ఎన్నడూ చూడలేదు. తండ్రి చెరువులో దూకిన సంగతి, లెక్కల మాస్టారి దగ్గర దెబ్బలు తిన్న సంగతి చెప్పగలిగినవాడు ఆ దేశంలో ఇంకెవరూ లేరు. సోఫా మీద దుప్పటి ముసుగేసుకున్న పిల్లవాడికి చిరాకుగా ఉంటుంది. అయినా వింటాడు. గది పోయిన కోపం, తండ్రి బాల్యం దొరికిన ఆశ్చర్యం ఒకే దుప్పటి కింద ఉంటాయి. వాటిని విడదీసి చెప్పాలని చూడకు.

దసరాలోగా తిరగరాసి పంపు. పంపేలోపు ఒకటి తేల్చుకో, పెద్దవాడి వయసు కథలో ఎక్కడా లేదు. తొమ్మిదేళ్లవాడు గది ఇవ్వడం వేరు, పద్నాలుగేళ్లవాడు ఇవ్వడం వేరు. నాకైతే పద్నాలుగు అనిపిస్తోంది. నీకు వేరేలా తోస్తే ఎందుకో రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి