హాల్టింగ్ ఎవరిదో ముందు అడగండి

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, కనుమ సాయంత్రం మా అరుగు మీద ముగ్గురు కూర్చున్నారు. మాది రావులపాలేనికి దగ్గర్లో గౌతమి గట్టు పక్క ఊరు. ముగ్గురిలో ఒకతను ఆకివీడు నుంచి హౌరాకి చేపల లారీ తోలుతున్నాడు. ఇంకొకతనికి అక్క ఎప్పుడో వేసిన పిటిషన్ ఇప్పటికి తేలి ఇమిగ్రెంట్ వీసా వచ్చింది, మార్చిలో హ్యూస్టన్ వెళ్తున్నాడు. పన్నెండేళ్ళు లారీ తోలిన మనిషి, అక్కడా అదే పని చేద్దామనుకుంటున్నాడు. "వారానికోసారి ఇంటికొచ్చే రీజినల్ కంపెనీలు ఉంటాయంట కదా బాబాయ్, ఏ కంపెనీ అయితే బాగుంటుంది?" అని అడిగాడు.

పదకొండేళ్ళుగా డల్లాస్‌లో ఉంటూ టెక్సస్, ఓక్లహామా, ఆర్కన్సా, లూసియానా మధ్య ట్రక్కు నడుపుతున్నాను. అయినా ఒక కంపెనీ పేరు చెప్పి పంపించడానికి మనసొప్పలేదు. ఒకే కంపెనీలో ఒక టెర్మినల్ (ట్రక్కుల డిపో) బాగుంటుంది, ఇంకోటి బాగుండదు. లోడ్లు కేటాయించే డిస్పాచర్ ఒకడు మంచివాడు, వాడు మానేస్తే ఆ వారం నుంచే బతుకు మారిపోతుంది. అందుకే పేర్లు కాకుండా ప్రశ్నలు చెప్పాను. ఆ రోజు చీకటి పడేదాకా మాట్లాడినా కొన్ని మిగిలిపోయాయి, వాటినీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారు రావులపాలెం మార్కెట్ నుంచి బరంపురం దాకా అరటి గెలలు తోలేవారు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కిరాయి మాట్లాడే ముందే "హాల్టింగ్ ఎవరిదండి?" అని అడిగేవారు. గెలలు దింపడం ఆలస్యమై బండి ఒక రోజు నిలబడిపోతే ఆ రోజు ఎవరి ఖాతాలో పడుతుందో తేల్చుకున్నాకే కిరాయి మాట. అమెరికాలో నేను నేర్చుకున్నదంతా చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వచ్చింది. అక్కడ దాన్ని డిటెన్షన్ అంటారు.

మొదట రీజినల్ అంటే ఏమిటో చెప్తాను. తాడేపల్లిగూడెం నుంచి రాజమండ్రి వెళ్ళి సాయంత్రానికి ఇంటికొస్తే అది లోకల్. ఆకివీడు–హౌరా లాంటిది ఓటీఆర్ (ఓవర్ ది రోడ్), వారాల తరబడి రోడ్డు మీదే. నాన్నగారి బరంపురం ట్రిప్పు లాంటిది రీజినల్: నాలుగైదు రాష్ట్రాల్లో తిరిగి వారాంతానికి ఇంటికి. పిల్లలున్నవాళ్ళు దీన్ని కోరుకోవడానికి కారణం ఆ ఇల్లే. కాబట్టి కంపెనీ మీకు ఇస్తానంటున్న ఇల్లు ఎన్ని గంటలో అడగండి.

అమెరికా నిబంధన ప్రకారం ఎనిమిది రోజుల్లో 70 గంటల డ్యూటీ దాటాక ట్రక్కు నడపకూడదు. వరసగా 34 గంటలు విశ్రాంతి తీసుకుంటే ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. "వీకెండ్ ఇంట్లోనే" అని రిక్రూటర్ చెప్పినప్పుడు చాలాసార్లు దానర్థం ఆ 34 గంటలు. శనివారం మధ్యాహ్నం 12కి ట్రక్కు ఆపితే ఆదివారం రాత్రి 10కి మళ్ళీ ఎక్కాలి. నిద్ర, బట్టలు, సరుకులు పోను పిల్లలతో ఎంతసేపు ఉంటారో మీరే లెక్కేసుకోండి. "ఏ రోజు, ఎన్ని గంటలకు ఇంట్లో ఉంటాను? తిరిగి ఎన్ని గంటలకు బయల్దేరాలి? పోయిన నెల మీ డ్రైవర్లలో ఎంతమంది అనుకున్న టైముకి ఇంటికి చేరారు?" అని అడగండి. ట్రక్కు ఇంటికి తెచ్చుకోవచ్చా, టెర్మినల్లో వదిలి సొంత కారులో రావాలా అన్నది కూడా అడగాలి. టెర్మినల్ గంటన్నర దూరమైతే రాకపోకల మూడు గంటలు మీ ఇంటి టైములోంచే పోతాయి.

ఇక డబ్బు. అందరూ మొదట అడిగేది మైలుకి ఎన్ని సెంట్లని. నేనూ అదే అడిగి మోసపోయాను. 55 సెంట్లు ఇచ్చి వారానికి 2,000 మైళ్ళు తిప్పితే 1,100 డాలర్లు. 50 సెంట్లే ఇచ్చి 2,400 మైళ్ళు తిప్పితే 1,200. అందుకని రేటుతో పాటు "మీ రీజినల్ డ్రైవర్లకి పోయిన మూడు నెలల్లో వారానికి సగటున ఎన్ని మైళ్ళకి డబ్బు ఇచ్చారు?" అని అడగండి. "ఎన్ని తిరిగారు" అని అడిగితే సరిపోదు, ఎందుకంటే తిరిగిన మైళ్ళు వేరు, డబ్బులిచ్చే మైళ్ళు వేరు. కొన్ని కంపెనీలు ట్రక్కు నిజంగా వెళ్ళే దారికి కాకుండా పాత పద్ధతి షార్ట్ మైల్స్ లెక్కకి ఇస్తాయి. మీటరు మీద ఎక్కువ, చెక్కు మీద తక్కువ. ఖాళీ ట్రైలరుతో వెళ్ళే మైళ్ళకి అదే రేటు ఇస్తారో లేదో కూడా తేల్చుకోండి.

ఇప్పుడు హాల్టింగ్. నా మొదటి కంపెనీలో ఒక రాత్రి కిరాణా సరుకుల గోడౌన్‌కి రీఫర్ (చల్లని ట్రైలరు) లోడు తీసుకెళ్ళాను. డాక్‌లో, అంటే సరుకు దింపే చోట, ఆరు గంటలు కూర్చోబెట్టారు. అమెరికాలో డ్యూటీ మొదలైన దగ్గర్నుంచి 14 గంటల గడియారం నడుస్తుంది. అందులో 11 గంటలే నడపాలి, ఊరికే కూర్చున్నా ఆ 14 ఆగదు. దింపడం అయ్యేసరికి నా గంటలు అయిపోయాయి. గోడౌన్ వాళ్ళు లోపల ఉండనివ్వలేదు. బయట పార్కింగ్ లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే "ఎలాగోలా చూసుకో" అన్నారు. ఆ ఆరు గంటలకీ ఒక్క డాలరు రాలేదు. ఆ రోజు మొత్తానికి నాకు దక్కింది 180 మైళ్ళ డబ్బు. ఆ రాత్రి రోడ్డు పక్క చీకట్లో ట్రక్కు పెట్టుకుని, నాన్నగారు అడిగిన మాట నాకెందుకు గుర్తు రాలేదా అని చాలా బాధపడ్డాను.

కాబట్టి వివరంగా అడగండి. డిటెన్షన్ ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది? చాలా చోట్ల మొదటి రెండు గంటలకి ఏమీ ఉండదు. గంటకి ఎంత? గోడౌన్ వాళ్ళు కంపెనీకి ఇవ్వకపోయినా మీరు నాకిస్తారా? ఈ చివరి ప్రశ్నే అసలైనది. "కస్టమర్ ఇస్తే ఇస్తాం" అంటే రాదనే అనుకోండి. ట్రక్కు చెడిపోయి రెండు రోజులు షెడ్డులో ఉంటే బ్రేక్‌డౌన్ డబ్బు ఎంత, హోటల్ ఎవరిది? లోడు దొరక్క ఒక రోజు ఆగితే లేఓవర్ ఎంత? గంటలు అయిపోయినప్పుడు దగ్గర్లోని సురక్షిత చోటికి వెళ్ళడానికి పర్సనల్ కన్వేయన్స్ వాడుకోనిస్తారా? నిబంధనలు ఒప్పుకున్నా కొన్ని కంపెనీలు దాన్ని ఆపేస్తాయి.

దింపుడు కూలి సంగతి మనవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. ఇక్కడ హమాలీలు, అక్కడ లంపర్లు. ఆ ఖర్చు కంపెనీ అక్కడికక్కడే కోడ్ పంపి కడుతుందా, మీ జేబులోంచి పెట్టి తర్వాత తిరిగి తీసుకోవాలా? డ్రాప్ అండ్ హుక్ లోడ్లు ఎంత శాతం అని కూడా అడగండి. ఉన్న ట్రైలరు వదిలి సిద్ధంగా ఉన్న ఇంకో ట్రైలరు తగిలించుకుని వెళ్ళిపోవడమే, డాక్ దగ్గర పడిగాపులు ఉండవు. అవి ఎక్కువున్న కంపెనీలో సెంట్లు కాస్త తక్కువైనా నేను అటే వెళ్తాను.

మంచు గురించి డెల్టా మనిషికి చెప్పడం కష్టం. జనవరి తెల్లవారుజామున సిద్ధాంతం వంతెన మీద పొగమంచు చూసినవాళ్ళే మనం, కాళ్ళ కింద రోడ్డే గాజులా మారడం చూడలేదు. మేం తిరిగే దక్షిణ రాష్ట్రాల్లో కూడా చలికాలంలో అలాంటి రోజులుంటాయి. "రోడ్డు ప్రమాదంగా ఉందని నేను ఆపేస్తే ఏమంటారు?" అని సూటిగా అడగండి. "నిర్ణయం డ్రైవరుదే" అని వెంటనే చెప్పేవాళ్ళ దగ్గరే ఉండండి. ప్రమాదకర పరిస్థితుల్లో నడపనన్నందుకు డ్రైవరుని శిక్షించకుండా 1982 నాటి చట్టం ఒకటి కాపాడుతుంది, 180 రోజుల లోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. కానీ కొత్తగా వెళ్ళి, అద్దె కట్టాల్సిన మనిషి ఫిర్యాదు దాకా వెళ్ళే పరిస్థితి రాకుండా ముందే అడగడం మేలు.

ఇది కొంచెం గట్టిగా చెప్తున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు. "మనవాళ్ళ కంపెనీయే" అనే మాట మీద చేరకండి. నేను చూసిన చిన్న కంపెనీల్లో కొన్ని, ట్రక్కు వాళ్ళదే, లోడు వాళ్ళదే, టైము వాళ్ళు చెప్పిందే అయినా డ్రైవరుని కాంట్రాక్టరుగా చూపించి 1099 అనే పన్ను కాగితం ఇస్తాయి. చేతికి ఎక్కువ వచ్చినట్టుంటుంది. తర్వాత 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను మీ మీదే పడుతుంది, దెబ్బ తగిలితే వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో గాయాలకి బీమా) ఉండదు. డబ్ల్యూ-2 ఉద్యోగమేనా, అంటే కంపెనీ ఉద్యోగిగానే తీసుకుంటారా అని ముందే అడగండి. ఇంటి భోజనం పెట్టి ఆప్యాయంగా మాట్లాడిన మనిషైనా సరే, కాగితం అడగండి. మొదటి ఏడాదిలో ట్రక్కు లీజు–కొనుగోలు (వారం వారం కడుతూ ట్రక్కు సొంతం చేసుకోవడం) జోలికి వెళ్ళనే వద్దు. వారం వారం కోతలు పోను ఏమీ మిగలక ఇంటికి డబ్బు పంపలేక కుమిలిపోయినవాళ్ళు నాకు తెలుసు.

కంపెనీ చెప్పింది నిజమో కాదో కొంతవరకు మీరే చూసుకోవచ్చు. ట్రక్కు తలుపు మీద డాట్ నంబరు (అమెరికా రవాణా శాఖ ఇచ్చే నంబరు) ఉంటుంది. దాన్ని ప్రభుత్వ సేఫర్ వెబ్‌సైట్‌లో కొడితే గత 24 నెలల తనిఖీలు, ప్రమాదాలు, ఎన్ని బండ్లను రోడ్డు మీదే ఆపేశారో ఉచితంగా కనిపిస్తుంది. ఆపేసిన శాతం పక్కనే దేశ సగటు కూడా ఉంటుంది. సగటు కన్నా బాగా ఎక్కువుంటే ఆ కంపెనీ బ్రేకులు, టైర్లు సరిగ్గా చూసుకోవడం లేదని నేను తీసుకుంటాను. ఆ తర్వాత శుక్రవారం సాయంత్రం టెర్మినల్ గేటు దగ్గర నిలబడి, ఇంటికి వెళ్తున్న ఇద్దరు ముగ్గురు డ్రైవర్లతో మాట్లాడండి. రిక్రూటరు గంటసేపు చెప్పిన దానికన్నా వాళ్ళు ఐదు నిమిషాల్లో చెప్పేది ఎక్కువ.

మూడో కుర్రాడు ఒక ఏజెంటు ట్రక్కు డ్రైవరు వీసా ఇప్పిస్తానని లక్షలు అడుగుతున్నాడని చెప్పాడు. ఇవ్వొద్దని అక్కడే చెప్పాను. లారీ డ్రైవర్లకు వర్క్ వీసాల జారీ ఆపేస్తున్నట్టు అమెరికా 2025 ఆగస్టులో ప్రకటించింది. చదువు వీసా మీద, హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ళు ఈ పని చెయ్యకూడదు. అదే ఏడాది జూన్ నుంచి, తనిఖీలో ఇంగ్లీషులో జవాబు చెప్పలేని డ్రైవరుని అక్కడికక్కడే ఆపేస్తున్నారు. హ్యూస్టన్ వెళ్ళే అబ్బాయికి ఇది భయపడాల్సిన విషయం కాదు, రోజూ గంట కూర్చుని నేర్చుకోవాల్సిన విషయం. రోడ్డు బోర్డులు, తనిఖీలో అడిగే ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను.

అతను లైసెన్సు శిక్షణ పూర్తి చేసేసరికి ఎండాకాలం వస్తుంది. ఆఫర్ లెటరు రాగానే సంతకం పెట్టకుండా ఫోటో తీసి పంపమన్నాను. డిటెన్షన్ పేజీ ఇద్దరం కలిసి చదువుతాం. ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యమన్నాను, ఆ టైముకి నేను ఇంట్లో ఉంటాను.