మూడు పాయల జడ

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈస్ట్‌తో మనిషి కొలాజెన్ (చర్మానికీ ఎముకకీ బలమిచ్చే ప్రొటీన్) చేయించే ప్రాజెక్టు నీకిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమేసింది, కాస్త భయం కూడా వేసింది. ఆ పనిలో నేను పడ్డ తిప్పలు నాకింకా గుర్తే.

నువ్వు వాడబోయే పిచియా ఈస్ట్ మన హైదరాబాద్‌కు పాత చుట్టమే. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా అందులో చేసిందే. కానీ ఆ ధీమాతో కొలాజెన్ జోలికి వెళ్లకు. మామూలు ప్రొటీన్‌కి జీన్ పెడితే సగం పని అయినట్టే. కొలాజెన్‌కి అసలు పని అప్పుడే మొదలవుతుంది.

అది మూడు ప్రొటీన్ గొలుసులు అల్లుకున్న మూడు పాయల జడ. 1954లో మద్రాసులో శాస్త్రవేత్తలు రామచంద్రన్, గోపీనాథ్ కార్తా చెప్పిన అల్లిక అదే. గొలుసులో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు చాలా వాటికి హైడ్రాక్సిల్ గుంపు (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్) తగిలితేనే జడ వేడికి నిలుస్తుంది. తగిలించే ఎంజైమ్ ఈస్ట్‌కి లేదు. అది లేకపోతే జడ సుమారు 24 డిగ్రీలకే విడిపోతుంది, ఉంటే 40 దాకా ఓర్చుకుంటుంది. నువ్వు పిచియాని పెంచేదేమో 28-30 డిగ్రీల్లో! అంటే కణంలో ఉండగానే జడ నిలవదు. మనం మేక కాళ్లతో పాయ ఉడికించినప్పుడు పులుసులోకి దిగేది కూడా అలా విడిపోయిన కొలాజెనే.

అందుకే కొలాజెన్ జీన్‌తో పాటు ఆ ఎంజైమ్ రెండు భాగాల జీన్లూ పెట్టాలి. ఫిన్లాండ్ వాళ్లు ఆ 1997లోనే పిచియాలో ఇది చేసి చూపించారు. అందులో ఒక చిత్రం ఉంది. కొలాజెన్ గొలుసు పక్కన లేకపోతే ఎంజైమ్ కూడా సరిగ్గా కుదురుకోలేదట. ఒకదానికొకటి ఆసరా.

నా కథ విను. మొదటి క్లోన్‌లో ప్రొటీన్లని సైజు ప్రకారం విడదీసే జెల్ మీద లావుపాటి బ్యాండ్ వచ్చింది. ల్యాబ్ అంతా మిఠాయిలు పంచాం. తర్వాత నెలల తరబడి దిగుబడి పెంచుకుంటూ పోయాం. చివరికి ఎవరో పెప్సిన్ (కడుపులో ప్రొటీన్లని అరిగించే ఎంజైమ్) పరీక్ష చేద్దామన్నారు. సరిగ్గా అల్లుకున్న జడని పెప్సిన్ కొరకలేదు, వదులు గొలుసుని మాత్రం నమిలేస్తుంది. మర్నాడు జెల్ ఖాళీ! వెతికితే, మేం ఎంచుకున్న కాలనీలో ఎంజైమ్ జీన్ ఒకటి అసలు లేనేలేదు. కొలాజెన్ జీన్ ఉందా అనే చూశాం గానీ మిగతా రెండిటినీ అడగలేదు. తప్పు పూర్తిగా నాదే. నువ్వు మాత్రం మొదటి వారంలోనే పెప్సిన్ పెట్టు. దిగుబడి గురించి ఆలోచన ఆ తర్వాతే. ప్రతి క్లోన్‌లో మూడు జీన్లూ ఉన్నాయో లేదో పీసీఆర్‌తో చూడు.

జెల్ నిన్ను మోసం చేస్తుంది. కొలాజెన్ నెమ్మదిగా కదిలి, ఉన్నదానికంటే బరువుగా కనిపిస్తుంది. "సైజు తప్పు" అని పారేయకు. ప్రొటీన్ ఎంతుందో కాంతితో కొలిచే 280 నానోమీటర్ల రీడింగ్‌ని కూడా నమ్మకు. ఆ కాంతిని బాగా పీల్చే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం గొలుసులో లేదు, అందుకని కళ్లెదుట ప్రొటీన్ ఉన్నా మీటర్ దాదాపు సున్నా చూపిస్తుంది. హైడ్రాక్సిల్ తగిలిన ప్రోలిన్‌ని, అంటే హైడ్రాక్సీప్రోలిన్‌ని కొలిచే పాత రంగు పరీక్షే నాకు నచ్చుతుంది. రోజంతా పడుతుంది, వాసన భరించలేం, కానీ అబద్ధం చెప్పదు.

జీన్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు ప్రతి మూడో స్థానంలో వచ్చే గ్లైసిన్ అనే అమైనో ఆమ్లానికి ఒకే కోడాన్ (దాన్ని సూచించే మూడు డీఎన్‌ఏ అక్షరాలు) వాడనివ్వకు. ఒకే ముక్క పదేపదే వస్తే జీన్ తయారు చేయడమే కష్టం, తర్వాత నిలవదు కూడా.

ఇంకొకటి, గాలి. ఆ ఎంజైమ్‌కి ఆక్సిజన్ కావాలి, మిథనాల్ తినే ఈస్ట్‌కీ కావాలి. ఇద్దరూ ఒకే కంచంలో చేయి పెడతారు. లీటరు ఫ్లాస్కులో 100 మిల్లీలీటర్లకు మించి పోయకు, షేకర్ జోరుగా తిప్పు. మిథనాల్ రోజుకి అర శాతం చాలు. ప్రొటీజ్‌ల (ప్రొటీన్లని కోసేసే ఎంజైమ్‌ల) బెడద ఉంటే వాటి జీన్ తీసేసిన స్ట్రెయిన్లు దొరుకుతాయి, మీ గైడ్‌ని అడుగు.

మొదటి పెప్సిన్ జెల్ ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు. మార్కర్ లేన్ (సైజులు చూపే కొలబద్ద వరస) కత్తిరించకుండా పంపు. ఖాళీగా వచ్చినా సరే పంపు.

మీ పెద్దమ్మ