కట్ డౌన్ పక్కన ‘ఆన్’ మర్చిపోవద్దమ్మా

బుజ్జీ,

నువ్వు పంపిన ఇంగ్లిష్ వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా రాశావు. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. ‘మై ఫాదర్ కట్ డౌన్ షుగర్’ అన్నావు, అక్కడ ‘ఆన్’ కావాలి తల్లీ. కట్ డౌన్ ఆన్ షుగర్.

తెలుగులో ‘చక్కెర తగ్గించాడు’ అంటే సరిపోతుంది, మధ్యలో ఇంకో మాట అక్కర్లేదు, ఆ అలవాటే మనకి ఇంగ్లిష్‌లోకీ వచ్చేస్తుంది. చక్కెర విషయంలో ఆన్ లేకపోయినా ఎదుటివాళ్లు అర్థం చేసుకుంటారులే. చెట్ల దగ్గరికొచ్చేసరికి అర్థమే తిరగబడుతుంది. నేను తిరుపతిలో పాఠాలు చెప్పే రోజుల్లో పదో తరగతి పిల్లాడొకడు శేషాచలం అడవుల మీద వ్యాసం రాస్తూ, ఎర్రచందనం కొట్టడం తగ్గించాలని చెప్పబోయి ‘వి మస్ట్ కట్ డౌన్ రెడ్ శాండర్స్ ట్రీస్’ అని రాశాడు. అంటే నరికేయాలని! ఎంతో ప్రేమగా రాసిన వ్యాసం అది, వాడి ముఖం చిన్నబోవడం నాకింకా గుర్తుంది. ‘వి మస్ట్ కట్ డౌన్ ఆన్ ఫెల్లింగ్ ట్రీస్’ అనుంటే వాడనుకున్నదే పడేది.

ఆన్ తర్వాత వస్తువు పేరు పెట్టొచ్చు, పనైనా పెట్టొచ్చు. పనైతే చివర ‘ఇంగ్’ రావాలి: కట్ డౌన్ ఆన్ ఈటింగ్ రైస్. ‘టు ఈట్’ అనకు. దేని గురించో ముందే తెలిసిపోతే, అంటే డాక్టరు కాఫీ గురించి అడిగాడనుకో, ‘ఐ హావ్ కట్ డౌన్’ అంటే చాలు. జరిగిపోయినదానికీ కట్ అనే అనాలి, కటెడ్ అనే మాట లేదు.

మనం జ్వరం తగ్గింది అంటాం, మదనపల్లెలో టమాటా రేటు తగ్గింది అంటాం. వాటికి ఇది పనికిరాదమ్మా, అక్కడ ‘కేమ్ డౌన్’ అనాలి. మనిషి తినేదో, తాగేదో, ఖర్చుపెట్టేదో, చేసే పనో తనంతట తాను తగ్గించుకుంటేనే కట్ డౌన్ ఆన్.

పూర్తిగా మానేస్తే మాత్రం ‘కట్ అవుట్’. మీ నాన్న కాఫీలో రెండు చెంచాల చక్కెర నుంచి అర చెంచాకి దిగాడు, ఇంకా మానలేదు కదా, కాబట్టి నువ్వు ఎంచుకున్న మాట సరైనదే. ఆ ఒక్క ఆన్ చేర్చి మళ్లీ పంపు, ఆదివారం లోపు చదివి ఫోన్ చేస్తాను.

మీ పెద్దనాన్న,
తిరుపతి