క్యాల్షియం సీసాలో ఫిట్స్ బిళ్లలు

మేడమ్, మాది గోపాలపట్నం. నాకు 27 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇంటర్ చదివేటప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. లెవెటిరాసెటమ్, సోడియం వాల్‌ప్రోయేట్ రెండు పూటలా వాడుతున్నాను. మూడేళ్ళుగా ఫిట్స్ రాలేదు. పెళ్ళయి 15 నెలలైంది. ఈ సంగతి అత్తవారికి చెప్పలేదు. చెప్తే తన శవాన్ని చూస్తానని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. పాత చీటీ మీద అమ్మే అనకాపల్లిలో మందులు కొని, నెలనెలా నాన్న చేత పంపిస్తుంది. వాటిని క్యాల్షియం సీసాలో పోసి దాచుకుంటాను. ఆరు నెలలుగా తలనొప్పితో నరకం చూస్తున్నాను. వారంలో నాలుగు రోజులు ఏదో ఒక నొప్పి బిళ్ల వేసుకోక తప్పడం లేదు. మావారు కళ్ళ డాక్టరుకి చూపిస్తే సైటు లేదన్నారు. మా అత్తగారు దిష్టి అంటున్నారు. ఫిట్స్ మందుతో ఇబ్బంది లేకుండా తలనొప్పికి ఏ బిళ్ల వాడాలి? ఫిట్స్ బిళ్ల సగం చేసి వేసుకుంటే తలనొప్పి తగ్గుతుందా? మా అమ్మని మాత్రం తప్పు పట్టకండి, అంతా నా కోసమే చేసింది.
ఒక సోదరి, విశాఖపట్నం

నా కూతురి ఈడుదానివి. నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందు నీ ప్రశ్న. బిళ్ల సగం చెయ్యకూడదు. ఈ రాత్రి కూడా మొత్తం వేసుకోవాలి, టైముకి వేసుకోవాలి. ఫిట్స్ మందు సొంతంగా తగ్గించినా, ఉన్నట్టుండి మానేసినా ఒకదాని మీద ఒకటిగా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఇక నొప్పి బిళ్ల. అప్పుడప్పుడు ఒక పారాసెటమాల్ వేసుకుంటే మామూలుగా ఈ మందులతో పేచీ ఉండదు, వారానికి రెండు రోజులు మించకుండా. వాల్‌ప్రోయేట్ వాడేదానివి కాబట్టి ఆస్పిరిన్ కలిసిన బిళ్లలు వద్దు. ట్రమడాల్ ఉన్నవి అసలు ముట్టుకోకు, అవి ఫిట్స్‌ని రేపుతాయి. వారానికి నాలుగు రోజులంటే నెలకి 16, 17 రోజులు. నెలలో 15 రోజులు నొప్పి బిళ్లలు మింగుతుంటే ఆ బిళ్లలే తలనొప్పిని తెచ్చిపెడతాయి.

నీ ప్రశ్నకి జవాబు అంతే. నీ కష్టం వేరే చోట ఉంది.

ఉత్తరంలో ఇక్కడ వెయ్యని భాగంలో రెండు సంగతులు మాటవరసకి రాసినట్టు రాశావు. ఒకటి, నెల క్రితం ఒక రాత్రి నువ్వు నిద్రలో పళ్ళు కొరుకుతూ మూలిగావని మీ ఆయన అన్నాడని. ఆ పొద్దున్నే తల పగిలిపోయిందని, ఒళ్ళంతా కొట్టినట్టుందని, నాలుక పక్కన పుండై రెండు రోజులు కారం తినలేకపోయావని. రెండోది, ఆ సీసా చూసి మీ అత్తగారు "మోకాళ్ళు పట్టేస్తున్నాయమ్మా, నాకూ ఒక క్యాల్షియం బిళ్ల ఇయ్యి" అన్నారని, నువ్వు ఏదో చెప్పి తప్పించుకున్నావని.

ఈ రెండూ చదివాక నాకు నిద్ర పట్టలేదు.

మూడేళ్ళుగా ఫిట్స్ రాలేదని రాశావు. అంత గట్టిగా ఎలా చెప్పగలవు తల్లీ? నిద్రలో ఫిట్స్ వస్తే, వచ్చిన మనిషికి చాలాసార్లు తెలియదు. తెల్లారాక తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, కొరుక్కున్న నాలుక, ఒక్కోసారి తడిసిన పక్క, ఇవే మిగులుతాయి. నీకు జరిగింది అదేనని నేను అనను. డాక్టరు కూడా ఒక్కమాటలో అనలేరు. "ఆ రాత్రి చూసినవాళ్ళెవరు? వాళ్ళని తీసుకురండి" అంటారు. చూసినవాడు మీ ఆయన. కానీ తను చూసింది ఏమిటో అతనికి తెలియదు. పళ్ళు కొరుకుతోంది అనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

తలనొప్పి లెవెటిరాసెటమ్ వల్ల రావచ్చు, దాని దుష్ఫలితాల్లో తలనొప్పి ఉంది. మైగ్రేన్ కావచ్చు, ఫిట్స్ ఉన్నవాళ్ళలో మైగ్రేన్ కూడా ఎక్కువే. నువ్వు వాడే వాల్‌ప్రోయేట్‌నే మైగ్రేన్ రాకుండానూ ఇస్తారు. మింగుతున్న నొప్పి బిళ్లల వల్ల కావచ్చు, రాత్రి ఫిట్స్ వచ్చి పోయిన గుర్తు కావచ్చు. ఇన్నింటిలో ఏదో తేలాలంటే పక్కన పడుకునే మనిషి సాక్ష్యం కావాలి. ఆ మనిషి దగ్గరే నువ్వు దాస్తున్నావు. అందుకే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అతనికి తెలిసినంతలో అతను పాపం సరిగ్గానే తీసుకెళ్ళాడు.

ఇక ఆ సీసా. మీ అత్తగారు ఒక రోజు నువ్వు స్కూల్లో ఉండగా తనే మూత తీసి ఒకటి వేసుకుంటే? మోకాళ్ళ నొప్పులు ఉన్న పెద్దావిడ రోజూ ఒకటి చొప్పున వేసుకుంటూ పోతే? ఇంకో మాట. వాల్‌ప్రోయేట్ బిళ్ల గాలిలో తేమని పీల్చుకుంటుంది. అందుకే స్ట్రిప్‌లోనే ఉంచి, వేసుకునే ముందు తియ్యమంటారు. మన వైజాగ్ ఉక్కలో, సముద్రపు గాలిలో నెల్లాళ్ళు సీసాలో పోసి ఉంచితే దాని గుణం ఎంత మిగులుతుంది? అత్తగారు వంటింట్లోంచి కదిలేదాకా ఆగి ఒక రోజు ఎనిమిదింటికి, ఒక రోజు పదకొండింటికి వేసుకుంటున్నానని కూడా నువ్వే రాశావు. టైము తప్పితే ఒంట్లో మందు తగ్గుతుంది, ఫిట్స్‌కి దారి దొరుకుతుంది.

మీ అమ్మని తప్పు పట్టవద్దన్నావు. ఆవిడ భయాన్ని తప్పు పట్టను. ఆ భయం నేను మా ఇంట్లోనే చూశాను.

మా పిన్నికి ఫిట్స్ ఉండేవి. మా చిన్నతనంలో ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. "దానికి ఒంట్లో బాగోలేదు" అనేవారు, అంతే. వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టి, తలుపులు మూసేసేవారు. ఒకసారి పొయ్యి దగ్గర ఉండగా పడిపోయింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. నూనె చిందిందని మా అమ్మమ్మ ఊరందరికీ చెప్పింది. పిన్ని చనిపోయేదాకా, మే నెల ఎండల్లో కూడా, పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంది. ఒకసారి ఆమె చెయ్యి పట్టుకుని ఎందుకిలా అని అడిగితే "అమ్మకి మాటిచ్చానే" అంది. అప్పటికి అమ్మమ్మ పోయి పదేళ్ళు దాటింది. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

మీ అమ్మకి కూతురి కాపురం మీద ఎంత భయం ఉందో, నీ తలలో జరిగేదాని మీద అంత లేదు. ఉంటే మూడేళ్ళలో ఒక్కసారైనా నిన్ను డాక్టరుకి చూపించేది. మందుల షాపుకి చీటీ పట్టుకెళ్ళి ఊరుకునేది కాదు. ఇది కటువుగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. నిన్ను కాపాడుతున్నానని ఆవిడ నిజంగానే నమ్ముతోంది. కానీ భయపెట్టి వేయించుకున్న ఒట్టుకి కూతురు కట్టుబడి ఉండాలని నేను ఒప్పుకోను. అమ్మ మాట వినడం కూతురి ధర్మమే. అమ్మ భయాన్ని తన ఒంటి మీద మొయ్యడం ధర్మం కాదు. పెళ్ళయ్యాక మొగుడి దగ్గర ఒక ప్రాణం సంగతి దాచడం కూడా ధర్మం కాదు. ఆ దాపరికంలో నీ వాటా ఉంది, దాన్ని అమ్మ మీదకి తోసెయ్యకు.

కాపురం పోతుందని కదా భయం. చట్టం సంగతి చెప్తాను. హిందూ వివాహ చట్టంలో 1976 నుంచి పిచ్చితో పాటు మూర్ఛ కూడా పెళ్ళికి అడ్డంకిగా ఉండేది. 1999లో పార్లమెంటు ఆ మాట తీసేసింది. ఫిట్స్ ఉన్నాయి కాబట్టి ఈ పెళ్ళి చెల్లదు అనడానికి ఇప్పుడు వీల్లేదు. "దాచి మోసం చేశారు" అన్న వాదన మాత్రం మిగిలే ఉంది, దాన్ని కోర్టుదాకా లాగేవాళ్ళూ ఉన్నారు. అందుకే ఆలస్యం చెయ్యొద్దు అంటున్నాను. నువ్వు నోరు విప్పి చెప్పడం వేరు, నడిరోడ్డు మీద పడిపోయినప్పుడు బయటపడడం వేరు.

అంతకన్నా తొందర ఇంకొకటి ఉంది. అత్తగారు మనవడి గురించి అడుగుతున్నారని, వచ్చే ఏడాది చూద్దామని మీ ఆయన అన్నాడని రాశావు. వాల్‌ప్రోయేట్ వాడుతూ గర్భం వస్తే పుట్టే ప్రతి 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి అవయవ లోపాలు ఉంటాయి. 30 నుంచి 40 మందికి మాట, నడక, చదువు వెనకబడతాయి. భయపడి ఆ బిళ్ల మానెయ్యకు, అది ఇంకా ప్రమాదం. గర్భం కోసం ప్రయత్నించకముందే న్యూరాలజిస్టు (నరాల డాక్టరు) దగ్గర కూర్చుంటే మందు మెల్లగా మారుస్తారు, ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే మొదలుపెడతారు. ఫిట్స్ ఉన్న ఆడవాళ్ళు చాలామంది ఆ జాగ్రత్తలతో చక్కటి పిల్లల్ని కంటున్నారు. డాక్టరుని కలిసేదాకా గర్భం రాకుండా చూసుకోండి. ఇది కూడా మీ ఆయనకి తెలియకుండా ఎలా కుదురుతుంది?

అతనిది షిఫ్టుల ఉద్యోగం అన్నావు. నైటు దిగి వచ్చిన పొద్దున్న చెప్పకు. వీక్లీ ఆఫ్ రోజున, కడుపు నిండా తిని, నిద్రపోయి లేచాక చెప్పు. అత్తగారి ముందు వద్దు, ఫోనులో వద్దు. బిళ్లల్ని, పాత చీటీని చేతిలో పెట్టి చెప్పు. "నాకు ఇంటర్ నుంచి ఫిట్స్ ఉన్నాయి. పెళ్ళికి ముందే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. అది నా తప్పు. ఆ తలనొప్పి దీనికి సంబంధించిందేమో అనుకుంటున్నాను. నువ్వు నాతో డాక్టరు దగ్గరికి రావాలి." ఇంతే. అమ్మ చెప్పొద్దంది అన్న మాటతో మాత్రం మొదలుపెట్టకు. అతనికి కోపం వస్తుంది, రావాలి కూడా. నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. డ్యూటీలోంచి ఫోన్ చేసి "తలనొప్పి తగ్గిందా" అని అడిగే మనిషి అని నువ్వే రాశావు. అలాంటివాడు కోపం దిగాక ఏం అడుగుతాడో వినడానికి సిద్ధంగా ఉండు.

తర్వాత ఇద్దరూ కలిసి వెళ్ళండి. మన పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో న్యూరాలజీ ఓపీ అయినా సరే, మీకు నమ్మకమున్న న్యూరాలజిస్టు అయినా సరే. వెళ్ళేలోపు ఒక నోట్‌బుక్‌లో తలనొప్పి ఎప్పుడు వచ్చింది, బిళ్ల ఎన్నింటికి వేసుకున్నావు, ఎన్ని గంటలు పడుకున్నావు, నెలసరి ఎప్పుడు, ఏ నొప్పి బిళ్ల మింగావు, ఇవి రాసిపెట్టు. రాత్రి మళ్ళీ ఏదైనా అయితే ఏం చెయ్యాలో అతనికి ముందే చెప్పు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టక్కర్లేదు. టైము చూసుకోవాలి, వీలైతే సెల్‌ఫోన్‌లో వీడియో తియ్యాలి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి. తలనొప్పితో పాటు వాంతులు, చూపు మసకబారడం, జ్వరం ఉన్నా, పడి తలకి దెబ్బ తగిలినా ఓపీ కోసం ఆగకుండా అదే గంటలో ఆస్పత్రికి వెళ్ళిపోవాలి.

మార్గశిర మాసం లక్ష్మివారాలు తెల్లవారుజామున తలస్నానం, మధ్యాహ్నం దాకా ఉపవాసం తప్పవని కూడా రాశావు. నిద్ర చాలకపోవడం, పస్తు, రెండూ నీ తలనొప్పికీ ఫిట్స్‌కీ ఆజ్యం పోస్తాయి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు పైకప్పు లేకుండా ఎండలో వానలో నిలబడి, మన చేతుల్తోనే పూజ చేయించుకునే తల్లి. పళ్ళో పాలో తీసుకుని, బిళ్ల వేసుకుని, కాస్త పొద్దెక్కాక వెళ్ళినా ఆమె కాదనదు. అత్తగారితో ఆ మాట మీ ఆయన చెప్పాలి, నువ్వు కాదు. అత్తగారికి మిగతా సంగతి ఎప్పుడు, ఎంత చెప్పాలో మీరిద్దరూ మాట్లాడుకోండి. సీసా మాత్రం ఈ రోజే ఖాళీ చెయ్యి. ఇకనుంచి బిళ్లలు స్ట్రిప్‌లోనే, బీరువాలో తాళం వేసి ఉంచు. సీసాలో పోసిన పాత బిళ్లల బదులు కొత్త స్ట్రిప్ కొనుక్కో, ఒక్క పూట కూడా మానకుండా.

కన్నవారింటికి ఫోన్ ఒక్కసారి చెయ్యి, మీ ఆయనకి చెప్పే ముందు రోజు. అనుమతి అడగకు. "అమ్మా, రేపు చెప్తున్నాను" అను. ఆవిడ ఏడుస్తుంది, ఒట్టు గుర్తు చేస్తుంది. నాన్నని ఆవిడ పక్కనే ఉండమని ముందుగా చెప్పి ఉంచు. ఫోన్ మధ్యలో పెట్టెయ్యకుండా మొత్తం విను. వచ్చే నెల నుంచి మందులు పంపించొద్దని, నేనే కొనుక్కుంటానని చెప్పి పెట్టెయ్యి.