తెగిన పెళ్లి క్యాసెట్ తిరిగివ్వడం లేదు, కేసు వేయవచ్చా?

ప్రశ్న: 1994లో జరిగిన మా అమ్మానాన్నల పెళ్లి వీడియో మూడు వీహెచ్ఎస్ క్యాసెట్లలో ఉంది. డీవీడీల్లోకి ఎక్కించమని గత ఏడాది విజయవాడలో ఒక స్టూడియోకి ఇచ్చి, మొత్తం 2,400 రూపాయలు కట్టాను. రెండింటికే డిస్కులు వచ్చాయి. తలంబ్రాలు, అప్పగింతలు ఉన్న మూడో క్యాసెట్‌కు బూజు పట్టిందని, మెషిన్లో తెగిపోయిందని అంటున్నారు. అది ఇవ్వమంటే ఒకసారి ‘పారేశాం’, ఒకసారి ‘వెతుకుతాం’ అంటారు. బిల్లు వెనక ‘మా బాధ్యత ఖాళీ క్యాసెట్ ధర వరకే’ అని అచ్చువేశారు. పైగా అమ్మ పెళ్లికూతురిగా ఉన్న బిట్ ఒకటి తమ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఏం చేయాలి?

జవాబు: కేసు వేయవచ్చు. అయితే అంతకంటే ముందు ఆ తెగిన టేపు మీ చేతికి రావాలి. టేపు తెగినంత మాత్రాన బొమ్మ పోదమ్మా. బూజు శుభ్రం చేసి, తెగిన కొసలను స్ప్లైసింగ్ టేపుతో అతికించి, రీళ్లను మరో క్యాసెట్ డబ్బాలోకి మారిస్తే, సాధారణంగా పోయేది తెగినచోట నలిగిన కాస్త ముక్కే. పనితెలిసినవాళ్ల చేతే చేయించండి. మామూలు సెలోటేపు అంటిస్తే దాని జిగురు క్యాసెట్ నడిపే వీసీఆర్‌లో టేపును చదివే భాగానికి (హెడ్‌కు) పట్టి మిగతా టేపూ పాడవుతుంది. అతికించకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, రేపు అదే మీ సాక్ష్యం.

ఒక వస్తువును పని కోసం ఒకరికి అప్పగించి, పనయ్యాక తిరిగి తీసుకోవడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. సెక్షన్ 151 ప్రకారం అలాంటి సొంత వస్తువును వివేకమున్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అంత జాగ్రత్త స్టూడియోవాళ్లు తీసుకోవాలి. పనయ్యాక అడగకుండానే తిరిగివ్వాలని సెక్షన్ 160 చెబుతుంది. వస్తువు తిరిగి రానప్పుడు, తాము జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. చేసిన పనికి కూలి బాకీ ఉంటే అది అందేదాకా వస్తువును అట్టిపెట్టుకునే హక్కు సెక్షన్ 170 ఇస్తుంది కానీ, మీరు మొత్తం కట్టేశారు కాబట్టి ఆ మాట వాళ్లు అనలేరు.

ఇక బూజు సంగతి. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి పొడిలా కనిపిస్తుంది. రోజూ ఇదే పనిలో ఉన్నవాళ్లు మెషిన్లో పెట్టేముందు అది చూసి, మీకు చెప్పి, ఒప్పుకున్నాకే నడపాలి. చూడకుండా నడిపితే అది సేవాలోపం. కానీ బూజు ఉందని మీకు ముందే తెలిసి చెప్పకపోతే, ఇచ్చేవారు తమకు తెలిసిన లోపం చెప్పాలనే సెక్షన్ 150ని స్టూడియోవాళ్లు చూపిస్తారు. ఫిర్యాదులో నిజం ఏదైతే అదే రాయండి.

బిల్లు వెనక షరతు కింద మీ సంతకం ఉందేమో ముందు చూసుకోండి. కొరియర్ కాగితం మీద సంతకం చేసినవారిని అందులోని పరిమితికి సుప్రీంకోర్టు 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో కట్టుబడేలా చేసింది. సంతకం లేకపోతే, ఇచ్చేటప్పుడు ఎవరూ చూపించకపోతే, ఆ షరతుకు మీరు ఒప్పుకోలేదని గట్టిగా వాదించవచ్చు. షరతే అన్యాయమంటూ విడిగా సవాలు చేయాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం మీదే నిలబడండి.

మొదట స్పీడ్‌పోస్టులో నోటీసు పంపండి: 15 రోజుల్లో తెగిన టేపు, డబ్బా, రీళ్లు అన్నీ తిరిగివ్వాలని, పోయిందంటే ఎప్పుడు ఎలా పోయిందో రాతపూర్వకంగా చెప్పాలని, ఇన్‌స్టాగ్రామ్ బిట్ తీసేయాలని. జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద హైదరాబాద్‌లోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఫిర్యాదీ నివాసమున్న చోట వేసుకునే వీలు సెక్షన్ 34 ఇచ్చింది, విజయవాడ తిరగక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ‘వెతుకుతాం’ అనే మాట నమ్మి ఆ గడువు దాటనివ్వకండి.

వాట్సాప్ సంభాషణలు చెరపకండి, ఫోన్ మార్చకండి. ప్రింట్లతో పాటు, అవి మీ ఫోన్లోంచి తీసినవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయండి. కట్టిన డబ్బు, టేపు బాగుచేయించే ఖర్చు, మనోవేదనకు పరిహారం అడగండి. లక్షలకు లక్షలు రాస్తే కమిషన్ దృష్టి మీ బాధ మీంచి ఆ అంకె మీదికి పోతుంది. పోలీసు కేసు గురించి ఇప్పుడు ఆలోచించవద్దు. నమ్మకద్రోహానికి దురుద్దేశం రుజువు కావాలి, పారేసుకోవడం ఒక్కటే సరిపోదు.

ఇన్‌స్టాగ్రామ్ బిట్ విషయంలో చట్టం మీ ఇంటి పక్షానే ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించినవారే మొదటి హక్కుదారు అని కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చెబుతుంది. ఆనాడు వీడియోగ్రాఫర్‌కు డబ్బిచ్చింది మీ తాతగారైతే హక్కు ఆయనది, ఆయన లేకపోతే వారసులది. బిట్ కనిపిస్తున్న తెరను తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే కాపీరైట్ ఫిర్యాదు పెట్టండి, ముందే తీసేస్తే ఆధారం పోతుంది. మీ డిస్కు ఇంట్లో చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే వీడియో మీరు యూట్యూబ్‌లో పెడితే మాత్రం, ఆ రోజుల్లో వెనకాల కలిపిన సినిమా పాటల హక్కులు ఆడియో కంపెనీలవి కాబట్టి, యూట్యూబ్ దాని శబ్దం ఆపేసే అవకాశం ఉంది.