ఎమ్మారైలో తెల్ల మచ్చలుంటే మెదడులో సంబంధాలు తెగినట్లేనా?

ప్రశ్న: మా అమ్మగారికి 67 ఏళ్లు. చాలాకాలంగా బీపీ ఉంది. తలనొప్పి వస్తోందని ఎమ్మారై తీయిస్తే, వైట్ మ్యాటర్‌లో (మెదడులో నరాల పోగులుండే భాగం) మచ్చలున్నాయనీ, ఫజెకాస్ గ్రేడ్ 1 అనీ రిపోర్టు ఇచ్చారు. ఈ మచ్చలు మెదడు భాగాల మధ్య ఫంక్షనల్ కనెక్టివిటీని దెబ్బతీస్తాయని చదివి భయపడుతున్నాను. ఆ సంబంధాలు తెగిపోయాయనుకోవాలా? ఫంక్షనల్ ఎమ్మారై కూడా తీయించాలా?

జవాబు: మీ అమ్మగారి వయసులో, అందులోనూ బీపీ ఉన్నవారిలో, ఇటువంటి మచ్చలు తరచుగా కనిపిస్తాయి. మెదడు లోపలి సన్నని రక్తనాళాలు ఏళ్ల తరబడి గట్టిపడి, నరాల పోగులకూ వాటిమీది మైలిన్ పొరకూ రక్తం సరిగా అందకపోవడం వల్ల ఆ చోట్లు ఫ్లెయిర్ అనే ఒక రకం ఎమ్మారై చిత్రాల్లో తెల్లగా మెరుస్తాయి. ఫజెకాస్ కొలమానం 0 నుంచి 3 వరకు ఉంటుంది; గ్రేడ్ 1 అంటే చిన్న చిన్న చుక్కలు మాత్రమే ఉన్నాయని అర్థం.

ఇక ఫంక్షనల్ ఎమ్మారైతో కొలిచే ఫంక్షనల్ కనెక్టివిటీ సంగతి. మనిషి ఏ పనీ చేయకుండా స్కానర్‌లో పడుకుని ఉన్నప్పుడు కూడా మెదడులోని రక్తంలో ఆక్సిజన్‌కు సంబంధించిన సంకేతం నెమ్మదిగా హెచ్చుతగ్గులకు లోనవుతూ ఉంటుంది. దూరదూరంగా ఉన్న రెండు భాగాల్లో ఈ హెచ్చుతగ్గులు ఒకే లయలో సాగితే ఆ రెంటి మధ్య కనెక్టివిటీ ఉందంటారు. దీన్ని 1995లో బిస్వాల్, ఆయన సహచరులు కదలికలను నియంత్రించే భాగాల్లో గుర్తించారు. అంటే కొలుస్తున్నది లయల పోలికనే తప్ప నరాల పోగులను కాదు. పుట్టుకతోనే కార్పస్ కల్లోసం, అనగా కుడి ఎడమ అర్ధగోళాలను కలిపే ప్రధాన వంతెన, లేనివారిలో కూడా రెండు వైపుల లయలు చాలావరకు కలిసే ఉన్నట్లు పరిశోధనల్లో కనిపించింది. కాబట్టి ఒక దారి దెబ్బతిన్నంత మాత్రాన సమన్వయం పోయిందని చెప్పలేము.

మచ్చలు ఎక్కువగా ఉన్నవారిపై జరిగిన అధ్యయనాలు కూడా ఒకే మాట చెప్పడం లేదు. కొన్నింటిలో డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌లోనూ (ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగాల సముదాయం), ఏకాగ్రతకు తోడ్పడే నెట్‌వర్క్‌లలోనూ కనెక్టివిటీ తగ్గితే, మరికొన్నింటిలో కొన్ని భాగాల జతల మధ్య పెరిగింది. పెరుగుదలను మెదడు చేసుకునే సర్దుబాటుగా కొందరు వివరిస్తారు. అది ప్రతిసారీ సరిపోయే వివరణ కాదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇక్కడ మరో చిక్కు ఉంది. మచ్చలకు కారణమైన రక్తనాళాల జబ్బే రక్తప్రవాహపు స్పందనను మందగింపజేస్తుంది గనుక, నరకణాలు కలిసికట్టుగా పనిచేస్తున్నా ఒకచోట రక్తం ఆలస్యంగా స్పందిస్తే లయలు కలవనట్లు కనిపించవచ్చు. స్కాన్‌లో తల కొద్దిగా కదిలినా ఫలితం మారుతుంది.

మచ్చల పరిమాణంతో పాటు అవి ఎక్కడున్నాయన్నదీ ముఖ్యమే. దూరపు భాగాలను కలిపే పొడవైన పోగుల దారిలో మచ్చలు విస్తరిస్తే ఆలోచనా వేగం, ప్రణాళికాశక్తి, నడక మందగించవచ్చు. జ్ఞాపకశక్తి కంటే ముందే ఈ మార్పులు కనిపించడం సాధారణం.

ఫంక్షనల్ ఎమ్మారై అవసరం లేదు. ఈ విషయంలో అది ప్రస్తుతానికి సమూహాలను పోల్చే పరిశోధనా సాధనమే. ఒక వ్యక్తికి అది తీయించినా చికిత్సను నిర్ణయించే సమాచారం రాదు. అంతకంటే బీపీపై దృష్టి పెట్టడం మేలు. అమెరికాలో జరిగిన స్ప్రింట్ పరిశోధన ఫలితాల్లో (2019) పై బీపీని 120 లోపు ఉంచే లక్ష్యంతో చికిత్స పొందినవారిలో, 140 లోపు లక్ష్యంగా ఉన్నవారికంటే మచ్చల పెరుగుదల తక్కువగా ఉంది; సుమారు నాలుగేళ్లలో మొదటివారిలో సగటున 0.92 ఘన సెంటీమీటర్లు, రెండోవారిలో 1.45 ఘన సెంటీమీటర్లు పెరిగాయి. ఆ పరిశోధనలో మధుమేహం ఉన్నవారిని చేర్చుకోలేదు. పైగా బీపీ మరీ తగ్గితే కళ్లు తిరిగే ప్రమాదముంది గనుక మీ అమ్మగారికి తగిన లక్ష్యాన్ని ఆమె వైద్యులే నిర్ణయించాలి. నడకలో తడబాటు, పనుల్లో కొత్తగా మందకొడితనం గమనిస్తే త్వరగా న్యూరాలజిస్టుకు చూపించండి. మాట తడబడినా, ఒక పక్క కాలు చేయి బలహీనపడినా క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.